చెడు కబురు ఎక్కడ ఆగిపోతుంది? వార్ధా లోయ బొగ్గు గనుల్లో పని తీరు, పెత్తనం తీరు

"భద్రతే ప్రథమం" అని గోడ మీద రాయని గని ఆఫీసు ఎక్కడా ఉండదు. కాబట్టి ఆ రాతను బట్టి తెలిసేదేమీ లేదు. మహారాష్ట్రలోని బల్లార్షా, సాస్తి, రాజురా, ఘుగ్గూస్ వైపు బాయి పనికి, అంటే గని పనికి, పోయేవాళ్లకు ఆ బోర్డు కంటే షిఫ్టులో పని చూసే ఓవర్‌మన్ గొంతు బాగా గుర్తుంటుంది. తీసిన మట్టిని గుట్టగా పోసిన డంపు అంచున పగులు కనబడిందని చెబితే ఆయన నోట మొదట వచ్చే మాట ఏది? "ఎక్కడ, ఎంత పొడవు?" అనా, "మళ్లా ఎంతసేపు ఆపుతవ్?" అనా? పెద్ద ఇంధన కంపెనీలో పని సంస్కృతి గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, ఎన్ని పవర్‌పాయింట్లు చూపించినా అసలు సంగతి ఆ మొదటి మాటలోనే బయటపడుతుంది. కింద పనిచేసేవాడికి కనబడిన చెడు కబురు పైవాడి దాకా చేరుతుందా, చేరితే ఎంత మిగిలి చేరుతుంది అన్నదే ఇక్కడ విప్పి చూడాల్సిన ముడి.

చంద్రపూర్ జిల్లాలోని బొగ్గు గనుల్లో ఎక్కువ భాగం వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌వి. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంటుంది. దాని మీద కలకత్తాలో కోల్ ఇండియా, 1975 నవంబరులో ఏర్పడిన సంస్థ. 2023-24లో కోల్ ఇండియా తీసిన బొగ్గు 77 కోట్ల టన్నుల పైన, అందులో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వాటా దాదాపు 6.9 కోట్ల టన్నులు. ఈ గనుల్లో తెలుగు నిన్న మొన్న వచ్చింది కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇవాళ్టికీ ఒకే షిఫ్టులో తెలుగు, మరాఠీ, హిందీ, గోండి వినబడతాయి. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాం, ఎందుకంటే చెడు కబురు ఆగిపోయే చోట్లలో భాష కూడా ఒకటి. ఇక్కడ రాస్తున్నది ఒక కంపెనీ తప్పుల చిట్టా మాత్రం కాదు. బొగ్గు తవ్వే కంపెనీ అయినా, సముద్రం మీద చమురు తీసే కంపెనీ అయినా ఈ జబ్బు తీరు ఒక్కటే.

ఎనిమిది మెట్లు

ఓపెన్ కాస్టు గనిలో, అంటే నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే గనిలో, పని జరిగే చోటు నుంచి పైకి లెక్కపెట్టండి. పని చోట ముఠా భద్రత చూసే మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉండే అసిస్టెంట్ మేనేజర్, గని మేనేజర్, సబ్ ఏరియా మేనేజర్, ఏరియా జనరల్ మేనేజర్, నాగపూర్‌లో టెక్నికల్ డైరెక్టర్, ఆయన మీద కంపెనీ అధిపతి సీఎండీ. ఎనిమిది మెట్లు. "ఇవాళ టార్గెట్ దాటినం" అన్న కబురు ఈ ఎనిమిది మెట్లూ పది నిమిషాల్లో ఎక్కేస్తుంది, అందుకు ఒక్క వాట్సాప్ మెసేజీ చాలు. చెడు కబురు మాత్రం మెట్టు మెట్టుకూ కాస్త బరువు దించుకుంటూ పోతుంది.

ఎలాగో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. సర్దార్ చూసింది ఇది: డంపు పైఅంచుకు మూడు మీటర్లు లోపలగా, ఇరవై మీటర్ల పొడవున, వేలు దూరేంత పగులు, నిన్న అది లేదు. ఓవర్‌మన్ చెప్పేసరికి అది "డంపు మీద చిన్న క్రాక్" అవుతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి డైరీలో "క్రాక్ గమనించడమైనది, నిఘాలో ఉంది". మేనేజర్ ఉదయం ఫోన్‌లో "డంపు దగ్గర కొద్దిగా జాగ్రత్తగా ఉన్నాం సార్". జనరల్ మేనేజర్ చెవిన పడేది "అంతా మామూలే". వీళ్లలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. కానీ పొడవు, వెడల్పు, "నిన్న లేదు" అన్న మాట, ఈ మూడూ దారిలో రాలిపోయాయి. నిర్ణయం తీసుకోవడానికి కావాల్సినవి సరిగ్గా ఆ మూడే.

ఎందుకు రాలుతాయి? ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ చెడు కబురు వల్ల పని పెరుగుతుంది, పేరు తగ్గుతుంది. పైగా మోసుకుపోయినవాడినే పైవాడు "మరి నువ్వేం చేస్తున్నవ్?" అని అడుగుతాడు. ఒకసారి ఆ మాట పడ్డవాడు రెండోసారి పగులు కొలిచి చెప్పడు.

పగులు చూసినవాడి చేతిలో ఉన్న అధికారం

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, పని ఆపే అధికారం పై అధికారికి మాత్రమే లేదు. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం తన పరిధిలో ప్రమాదం కనబడితే మనుషులను వెనక్కి పంపి, ఆ చోటుకు కంచె కట్టాల్సిన బాధ్యత సర్దార్‌దే. అది ఆయన ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు, చట్టం పెట్టిన విధి. షిఫ్టులో తనిఖీ చేసి, చూసింది పేజీ నంబర్లున్న పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. కాగితం మీద వ్యవస్థ గట్టిదే.

కొలతలు కూడా అస్పష్టంగా లేవు. ఓబీ, అంటే బొగ్గు మీద నుంచి తీసిన మట్టీ రాయీ, డంపుగా పోసినప్పుడు దాని వాలు 37.5 డిగ్రీలకు మించకూడదు. ఎత్తు 30 మీటర్లు దాటితే బెంచీలుగా, అంటే మెట్లుమెట్లుగా, విడగొట్టాలి, ఏ బెంచీ 30 మీటర్లు మించకూడదు, మొత్తం వాలు నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర కంటే నిటారుగా ఉండకూడదు. బండ్లు మట్టీ బొగ్గూ మోసే హాల్ రోడ్డు ఏటవాలు మామూలుగా పదహారుకు ఒకటి. రోడ్డు అంచున కట్టే మట్టిగట్టు ఎత్తు అక్కడ తిరిగే అతి పెద్ద బండి టైరు వ్యాసానికి తగ్గకూడదు. ఈ చివరిది ఎవరైనా నడుచుకుంటూ పోయి చూడగలిగేది, టేపు కూడా అక్కర్లేదు. ఆ గట్టు వర్షానికి కరిగి మోకాలి ఎత్తుకు దిగిపోయి వారం దాటినా మట్టి తోసే డోజర్ రాలేదంటే, ఆ గని పని సంస్కృతి గురించి ఇంకే సర్వే అక్కర్లేదు.

వార్ధా లోయలో డంపులకు ఒక స్థానిక చిక్కు ఉంది. పైపొర నల్లరేగడి. ఎండాకాలం రాయిలా ఉండి, వానలు పడగానే ఉబ్బి, జారుడుగా మారుతుంది. దాన్ని ముందే గీరి వేరే చోట పోయకుండా, దాని మీదే డంపు ఎత్తితే జూలైలో డంపు అడుగు మెత్తబడి పాదం దగ్గర మట్టి ముందుకు ఉబుకుతుంది. డంపు పైన పగులు, కింద ఉబ్బు, ఈ రెండూ కలిసి కనబడితే జారడం మొదలైందనే లెక్క. పైన పగులు చూసినవాడు ఒక షిఫ్టులో, కింద ఉబ్బు చూసినవాడు ఇంకో షిఫ్టులో ఉంటే? ఇద్దరి రాతలూ ఒకే మనిషి ఒకే రోజు చదవకపోతే ఆ రెండూ కలవవు.

పగులును కనిపెట్టి ఉండటానికి ఖరీదైన యంత్రం ఉండాల్సిందే అనుకోవద్దు. పెద్ద గనుల్లో వాలును గమనించే రాడార్లు వాడుతున్నారు, మంచిదే. అది లేనిచోట పగులుకు అటూ ఇటూ రెండు ఇనుప మేకులు పాతి, మధ్య దూరం షిఫ్టుకోసారి టేపుతో కొలిచి, తేదీ టైముతో రాస్తే చాలు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మొత్తం ఎంత జరిగింది అన్నదానికంటే, జరిగే వేగం పెరుగుతోందా అన్నది ముఖ్యం. మొదటి రోజు 4 మిల్లీమీటర్లు, రెండో రోజు 4, మూడో రోజు 4 అయితే నిఘా కొనసాగించవచ్చు. 4, 7, 15 అయితే కింద మనుషులనూ యంత్రాలనూ తీసేయాలి, ఫోన్‌లో ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పగుల్లోకి వాన నీళ్లు దిగకుండా మట్టితో పూడ్చి ఒత్తాలి, కానీ మేకులు కదలకూడదు. పూడ్చేసి "క్రాక్ లేదు" అని రాసుకోవడం మాత్రం ఎక్కడైనా జరిగే పాత తమాషా.

టన్నుల లెక్క, మట్టి బాకీ

ఉత్పత్తి ఒత్తిడి లేకుండా గని నడవదు. దాన్ని తిట్టి లాభం లేదు. చంద్రపూర్ పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ ఉంది, దాని బొగ్గు నిల్వ తగ్గితే ముంబై దాకా గొడవ. ఒత్తిడి ఏ రూపంలో కిందికి దిగుతుందో చూడాలి.

ఒక టన్ను బొగ్గుకు నాలుగు ఘనపు మీటర్ల మట్టి తీయాల్సిన గని అనుకుందాం. లక్ష టన్నులు తీయాలంటే 4 లక్షల ఘనపు మీటర్ల మట్టి కదలాలి. మార్చి నెలాఖరున లక్ష టన్నులూ పూర్తయ్యాయి, మట్టి మాత్రం రెండున్నర లక్షలే కదిలింది. లెక్కలో టార్గెట్ నూటికి నూరు. గనిలో మాత్రం లక్షన్నర ఘనపు మీటర్ల బాకీ మిగిలింది. ఆ బాకీ ఎక్కడ కనబడుతుంది? మట్టి బెంచీల వెడల్పు తగ్గుతుంది. రెండు బెంచీలు దాదాపు కలిసిపోయి గోడలాగా నిలబడతాయి. తవ్వి ఎత్తే షావెల్ తిరగడానికి చోటు చాలదు, మట్టి మోసే డంపర్లు ఇరుక్కుని రివర్సు కొట్టాల్సి వస్తుంది. దారి ఏటవాలు పెరుగుతుంది. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త టార్గెట్, కాబట్టి బాకీ అలాగే ఉంటుంది. జూన్ మధ్యలో వానలు. అప్పటికి మార్చిలో శభాష్ అనిపించుకున్న అధికారి బదిలీ అయి ఉండొచ్చు. బెంచీ జారినప్పుడు వివరణ ఇచ్చుకునేది కొత్తగా వచ్చినవాడు.

అందుకే బొగ్గు టన్నులూ మట్టి ఘనపు మీటర్లూ ఒకే వరుసలో, ఒకే ప్రాముఖ్యంతో అడగని జనరల్ మేనేజర్ తెలిసో తెలియకో ఒక సందేశం ఇస్తున్నట్టే. మార్చిలో ఆయన రోజుకు రెండుసార్లు బొగ్గు గురించి, వారానికోసారి మట్టి గురించి అడిగితే, కింద ఉన్న యంత్రాలన్నీ ఏ వైపు తిరుగుతాయో వేరే చెప్పాలా?

లెక్కలు వంకరపోయే చోటు ఇంకొకటి ఉంది. మట్టిని రోజువారీగా కొలిచేది డంపర్ ట్రిప్పులతో. ఒక్కో ట్రిప్పు 30 ఘనపు మీటర్లని లెక్క కట్టారనుకోండి. బండి నిండింది 26 మాత్రమే. షిఫ్టులన్నీ కలిపి రోజుకు 400 ట్రిప్పులైతే రోజుకు 1,600 ఘనపు మీటర్ల మాయ మట్టి, నెలకు 48,000. సర్వే వాళ్లు వచ్చి గుంత కొలిచినప్పుడు అది బయటపడుతుంది. బొగ్గు నిల్వలోనూ ఇంతే. పుస్తకంలోని నిల్వకూ కొలిచిన నిల్వకూ తేడా అయిదు శాతం లోపల ఉంటే కోల్ ఇండియా ఖాతాల పద్ధతి పుస్తకంలోని అంకెనే తీసుకుంటుంది, దాటితే కొలిచిన అంకె. కొలతలో కొద్దిపాటి పొరపాటు సహజం కనుక ఆ వెసులుబాటు న్యాయమైనదే. కానీ "ఎలాగూ అయిదు శాతం ఉంది కదా" అని ముందే వాడేసుకునే అలవాటు పడిన చోట, ప్రతి షిఫ్టూ కొంచెం ఎక్కువ రాయడం నేర్చుకుంటుంది. ట్రిప్పుల్లో కొంచెం ఎక్కువ రాయడం నేర్చినవాడు పగుల్లో కొంచెం తక్కువ రాయడమూ నేరుస్తాడు. రెండూ ఒకే చేతివాటం. ఉత్పత్తి లెక్కల్లో నిజాయితీని అకౌంట్స్ వాళ్ల గొడవగా వదిలేసి, భద్రతను వేరే డిపార్టుమెంటుగా చూడటం పెద్ద కంపెనీలు తరచూ చేసే పొరపాటు.

షిఫ్టు మారే పావుగంట

గని మొత్తంలో అతి చవకగా బాగుచేయగలిగిన చోటు ఇదే. అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టు వాళ్లు ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పారు, పని పూర్తికాలేదు, ఆ చోట మూత బిగించి పోయారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయేసరికి, వాళ్లు మొదటి పంపును నడిపించారు. సరిగ్గా బిగియని మూత దగ్గర గ్యాసు బయటికొచ్చి పేలింది. అక్కడితో అయిపోలేదు. పక్క వేదికల నుంచి అదే గొట్టాల వరుసలోకి చమురు రావడం వెంటనే ఆగలేదు. పైపర్ మంటలు దూరానికే కనబడుతున్నా, ఆపడానికి పైనుంచి మాట కోసం చూశారు. ఆపితే కంపెనీకి ఎంత నష్టమో వాళ్లకు బాగా తెలుసు. ఆపే అధికారం తమదేనన్న ధీమా మాత్రం లేదు.

2005 మార్చి 23న అమెరికాలో టెక్సస్ సిటీ రిఫైనరీలో 15 మంది పోయారు. రాత్రి షిఫ్టు ఒక టవర్‌లో ద్రవం నింపడం మొదలుపెట్టింది. తర్వాతివాళ్లకు పుస్తకంలో మిగిలింది ఎంత నింపారో తేల్చని ఒక్క ముక్క వాక్యం. మట్టం చూపే మీటరు తప్పు చూపింది, రెండో పై మట్టం అలారం మోగలేదు, టవర్ పొంగి పేలుడు జరిగింది. కొందరు ఆపరేటర్లు 12 గంటల షిఫ్టుల్లో నాలుగు వారాలకు పైగా ఒక్క సెలవు లేకుండా పనిచేస్తున్నారు. ఆ కంపెనీ అప్పటిదాకా గాయాల రేటు తక్కువగా ఉందని చూసుకుని సంతోషించింది. మెట్ల మీద జారిపడేవాళ్లు తగ్గడానికీ, టవర్ పొంగకుండా ఉండటానికీ సంబంధం లేదని 2007లో వచ్చిన స్వతంత్ర నివేదిక చెప్పింది. మన గనుల్లో "లక్ష మానవ షిఫ్టులకు ఇన్ని గాయాలు" అన్న అంకె చూసి మురిసిపోయేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. వేలికి దెబ్బ తగలడం తగ్గినంత మాత్రాన డంపు నిలబడదు.

ఇక ఓపెన్ కాస్టులో షిఫ్టు మార్పిడి ఎలా చెడుతుందంటే, కారణం చాలాసార్లు బస్సు. దిగే షిఫ్టు బస్సు నాలుగింటికి బయల్దేరుతుంది, ఎక్కే షిఫ్టు బస్సు నాలుగింటికే వస్తుంది. రెండు షిఫ్టుల సర్దార్లూ ఒకరికొకరు కిటికీల్లోంచి చెయ్యి ఊపుకుంటారు. యంత్రం ఆగకూడదని ఆపరేటర్లను సీటు దగ్గరే మార్చే పద్ధతి పెట్టిన కంపెనీలు కూడా, సూపర్‌వైజర్లను అలా మార్చాలని ఆలోచించవు. షావెల్ పావుగంట ఆగితే నష్టం అంకెల్లో కనబడుతుంది. కబురు ఆగితే ఏ కాలమ్‌లోనూ కనబడదు.

బాగుచేసే పద్ధతి కష్టమైనదేం కాదు. ఎక్కే షిఫ్టు సూపర్‌వైజర్ల జీపు ఇరవై నిమిషాలు ముందు రావాలి. మాట్లాడుకోవడం ఆఫీసులో కాకుండా పని చోటు దగ్గర, ఇద్దరూ అదే బెంచీ చూస్తూ జరగాలి. రాసేది మూడు సంగతులే: నా షిఫ్టులో ఏం మారింది, ఏది సగంలో ఆగింది, దేని మీద అనుమానం ఉంది. మూడోదాన్నే అందరూ ఖాళీ వదులుతారు, ఎందుకంటే అనుమానానికి రుజువు ఉండదు. దాన్ని తప్పనిసరి చేయాలి. విన్నవాడు తిరిగి చెప్పాలి: "అంటే దక్షిణం వైపు హాల్ రోడ్డు మూలమీద గట్టు లేదు, డోజర్ అడిగిన్రు, ఇంకా రాలే, అంతదాక పెద్ద బండ్లు ఉత్తరం నుంచే, గంతేనా అన్నా?" ఇలా తిరిగి చెప్పడానికి నిమిషం పట్టదు. అలా చెప్పేటప్పుడే "అరే, పేలని రంధ్రం సంగతి మరిచిన" అని మొదటివాడికి గుర్తొస్తుంది. బ్లాస్టింగులో పేలకుండా మిగిలిన రంధ్రం సంగతి తర్వాతి షిఫ్టుకు చేరకపోతే షావెల్ దంతం దాని మీద పడుతుంది. పూర్తికాని ప్రతి అంశమూ మూసేదాకా రోజూ కొత్త పేజీలోకి తేదీతో సహా ఎక్కాలి. పాత తేదీ పదో రోజూ కనబడుతుంటే మేనేజర్‌కు సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గు అవసరమే.

రిజిస్టర్లు చదవడం తెలిసినవాళ్లు ఇంకొకటి గమనిస్తారు. నెల పొడవునా ఒకే కలంతో, ఒకే వాలులో, "తనిఖీ చేయబడినది, అంతా సక్రమము" అని ఉంటే అది నెలాఖరున ఒక్కసారి కూర్చుని రాసింది. నిజంగా రోజూ రాసిన పుస్తకం మాసిపోయి ఉంటుంది, మధ్యలో నూనె చెయ్యి ముద్రలుంటాయి, కొన్ని రోజులు రెండు పేజీలు, కొన్ని రోజులు రెండు వరుసలు.

గేటు పాసు మనిషి

ఇరవై ఏళ్ల కింద కోల్ ఇండియాలో నాలుగు లక్షల పైన ఉద్యోగులుండేవారు, ఇప్పుడు దాదాపు అందులో సగం. బొగ్గు మాత్రం రెట్టింపు దాటింది. మధ్యలో పెద్ద యంత్రాలొచ్చాయి, ఓపెన్ కాస్టులొచ్చాయి, కాంట్రాక్టు వచ్చింది. మట్టి తీసే పనిలో చాలా భాగం ఇవాళ కాంట్రాక్టర్ల టిప్పర్లదే. అంటే ప్రమాదానికి దగ్గరగా ఉండేవాడు కంపెనీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, లేనివాడు.

2016 డిసెంబరు 29న ఝార్ఖండ్ గొడ్డా జిల్లాలోని రాజ్‌మహల్ ఓపెన్ కాస్టులో భారీగా మట్టి జారి 23 మంది చనిపోయారు. వాళ్లు కాంట్రాక్టు పని మీద ఉన్నవాళ్లు. గని కోల్ ఇండియా అనుబంధ సంస్థది.

పర్మనెంటు కార్మికుడికి 2023 మేలో కుదిరిన పదకొండో వేతన ఒప్పందం 19 శాతం కనీస పెంపు ఇచ్చింది, వెనక యూనియన్ ఉంది, మెమో వస్తే జవాబు చెప్పుకునే పద్ధతి ఉంది. కాంట్రాక్టు డ్రైవర్‌కూ కాంట్రాక్టు కార్మికుల వేతనాల కోసం వేసిన హై పవర్ కమిటీ నిర్ణయించిన వేతనం ఉంది, నైపుణ్యాన్ని బట్టి నాలుగు తరగతుల్లో. కానీ అతని ఉద్యోగం గేటు పాసులో ఉంటుంది. బ్రేకు సరిగా లేదని బండి పక్కన పెడితే ఎవరూ ఛార్జిషీటు ఇవ్వరు, "రేపట్నుంచి వేరేటోడు వస్తడు" అంటారంతే. డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన బత్తా ఉన్నచోట ఇంకా చిక్కు: ఆగిన ప్రతి నిమిషమూ అతని జేబులోంచే పోతుంది. అలాంటి మనిషి దగ్గర నిజం ఆశించే కంపెనీ ముందు రెండు పనులు చేయాలి. భద్రత కారణంగా ఆగిన సమయానికి బత్తా కోయకూడదని కాంట్రాక్టు పత్రంలోనే రాయాలి. ఫిర్యాదు చేసినవాడి గేటు పాసు రద్దు చేయాలంటే గని మేనేజర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలని నియమం పెట్టాలి. టెండరు షరతుల్లో లేనిది ఉపన్యాసాల్లో ఎంత ఉన్నా దండగే.

భాష సంగతి. పనిలోకి తీసుకునే ముందు వృత్తి శిక్షణ కేంద్రంలో శిక్షణ ఇవ్వాలి, చట్టం. అక్కడ పాఠం హిందీలో నడుస్తుంది. సిరోంచ వైపు నుంచో, నది అవతల ఆసిఫాబాద్ నుంచో వచ్చిన కుర్రాడు, ఇంట్లో గోండి మాట్లాడే పిల్లవాడు అక్కడ తలూపి సంతకం పెడతారు. బ్లాస్టింగు సైరన్ మోగితే 500 మీటర్ల ప్రమాద పరిధి దాటి పోవాలని తెలుసుకున్నారా, సైరన్ మోగితే దాక్కోవాలని మాత్రమే అర్థం చేసుకున్నారా? పరీక్ష చాలా తేలిక: "సైరన్ మోగింది, ఇప్పుడేం చేస్తవ్, నడిచి చూపించు" అనాలి. నోటితో అడిగితే అందరూ పాసవుతారు. షిఫ్టు మొదట్లో చెప్పే అయిదు నిమిషాల జాగ్రత్తలు కూడా ఆ ముఠాలో ఎక్కువమంది భాషలో చెప్పించాలి. అందుకు అనువాదకుడు అక్కర్లేదు. ఆ ముఠాలోని అనుభవమున్న డ్రైవరో, డ్రిల్లరో చాలు.

సంతకం పెట్టే భయం

ప్రభుత్వ రంగ సంస్థల్లో ప్రైవేటు కంపెనీల్లో అంతగా కనబడని రోగం ఒకటుంది. నిర్ణయం తీసుకుని తప్పు చేస్తే విజిలెన్సు అడుగుతుంది. నిర్ణయం తీసుకోకపోతే అడిగేవాడు లేడు. ఉదాహరణకు వానలకు ముందు గని అడుగున నీళ్లు తోడే పంపులు. ఉన్న పంపు పాడైంది, జూన్ మొదటివారానికి కొత్తది లేదా అద్దెది కావాలి. మార్చిలో ఫైలు కదలాలి. ఒకే బిడ్డు వచ్చిందని మళ్లీ టెండరు, ధర ఎక్కువని మళ్లీ ఫైనాన్సు అభిప్రాయం, ఈలోగా మే నెల. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ నిబంధన పాటించారు, పంపు రాలేదు. వార్ధా, పెన్‌గంగ పొంగే రోజుల్లో గని అడుగు చెరువైతే అది ప్రకృతి వైపరీత్యంగా నమోదవుతుంది.

దీనికి మందు ధైర్యవంతులైన అధికారుల కోసం ఎదురుచూడటం కాదు. ఆలస్యానికి కూడా పేరు పెట్టాలి. ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుంది అన్నది వానాకాలం సన్నద్ధత సమీక్షలో తెర మీద కనబడితే, తిప్పి పంపడం కూడా ఒక నిర్ణయంగా లెక్కకొస్తుంది. అత్యవసర కొనుగోలుకు ఏ పరిమితి వరకు ఎవరికి అధికారముందో అధికార బదలాయింపు పత్రంలో స్పష్టంగానే ఉంటుంది. చాలా సందర్భాల్లో కొరత వాడే అలవాటుకే. ఒకసారి వాడిన మేనేజర్‌ను తర్వాత ఆడిట్ ప్రశ్నిస్తే జనరల్ మేనేజర్ ఆయన వెనక నిలబడ్డాడా లేదా అన్నది మిగతా మేనేజర్లందరూ గమనిస్తూనే ఉంటారు.

పైవాడు చేయగలిగింది

నాయకత్వం మీద పుస్తకాల్లో రాసే పెద్ద మాటలు పక్కన పెట్టి, ఏరియా జనరల్ మేనేజర్ రేపు ఉదయం మార్చగలిగేవి చూద్దాం. ఉదయం సమీక్షలో మొదటి ప్రశ్న "నిన్న ఎంత?" కాకుండా "నిన్న ఎక్కడ ఆపారు, ఎందుకు?" అయితే, పదిహేను రోజుల్లో మేనేజర్లు ఆ జవాబు సిద్ధం చేసుకుని రావడం మొదలుపెడతారు. మొదట్లో అల్లి చెబుతారు. ఫరవాలేదు, అల్లడానికైనా పని చోటుకు పోవాల్సి వస్తుంది. నెలలో ఒక్క ఆపుదల కూడా లేని గనిని మెచ్చుకోకూడదు, అనుమానించాలి. లక్షల ఘనపు మీటర్లు కదిలే చోట ముప్పై రోజులూ ఒక్కసారి కూడా ఆపాల్సిన పరిస్థితి రాలేదంటే నమ్మడం కష్టం.

ఆపింది అనవసరమని తేలినప్పుడు ఏం జరుగుతుందన్నది మరీ ముఖ్యం. సర్దార్ పగులు చూసి షావెల్‌ను గంటసేపు పక్కకు తీయించాడు, తర్వాత అది ఎండకు వచ్చిన పైపగులేనని తేలింది. ఆ గంటకు కొన్ని వందల టన్నులు పోయాయి. ఇప్పుడు ఆయనకు "బాగా చేసినవ్" అన్న మాట వస్తే, అసలైన పగులు రోజున కూడా ఆపుతాడు. నవ్వు వస్తే ఆపడు. మరోవైపు ప్రాణం పోయిన ప్రమాదం జరిగితే గనుల భద్రతా అధికారులు ఆ చోటును మూయించవచ్చు, మళ్లీ తెరవడానికి రోజులు, వారాలు. గంటకూ వారాలకూ మధ్య లెక్క ఎవరికైనా తెలిసిందే, అయినా మార్చిలో అందరూ మరిచిపోతారు.

తనిఖీకి పోయేవాళ్లు సాధారణంగా పదకొండింటికి, ముందు చెప్పి పోతారు. అప్పటికి రోడ్డు నీళ్లు చల్లి ఉంటుంది, అందరి తలల మీదా హెల్మెట్లుంటాయి. తెల్లవారుజామున మూడింటికి, చెప్పకుండా, ఒక్క జీపులో పోతే కనబడేది వేరు: లైటు టవర్ వెలగని డంపు అంచు, వెనక్కి వచ్చేటప్పుడు మోగని అలారం, క్యాబిన్‌లో కునుకు. పట్టుకోవడానికి పోతే రెండోసారి నుంచి ఫోన్లు ముందే మోగుతాయి. లైటు టవర్ ఎందుకు వెలగలేదని అడిగి, మర్నాటికి వెలిగించి, మళ్లీ పోయి చూస్తే జనం తామే చెప్పడం మొదలుపెడతారు.

యూనియన్ల పాత్ర కూడా ఇక్కడే. వందమందికి పైగా పనిచేసే గనిలో భద్రతా కమిటీ ఉండాలి, నెలకోసారి కూర్చోవాలి. పెద్ద గనుల్లో యూనియన్లతో సంప్రదించి, కార్మికుల తరఫున భద్రత తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లను నియమించాలి. కమిటీ మినిట్సు చదివితే క్వార్టర్ల రిపేరు, క్యాంటీన్ చాయ్ నాణ్యత, బూట్ల సైజు నిండుగా కనబడతాయి. వాలు, దారి, పంపు గురించి రెండు వరుసలు. ఇందులో యాజమాన్యం వాటా ఎంతో సంఘాల వాటా అంతే. బూట్లు అడగడం తప్పు కాదు, అడిగితే దొరుకుతాయి కాబట్టి అడుగుతారు. డంపు వాలు గురించి అడిగితే జవాబు రాదని అనుభవం చెప్పింది. మూడు నెలలు వరుసగా మినిట్సులో ఒకే అంశం తేదీతో ఎక్కించి, "చర్య తీసుకోబడును" అన్న జవాబును ఒప్పుకోకుండా "ఎవరు, ఎప్పటికి?" అని రాయిస్తే కథ మారుతుంది.

ఇవన్నీ విఫలమైనప్పుడు కార్మికుడికి మిగిలే దారి కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత నిబంధనలు దానికి విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి. తక్షణ ప్రమాదముందని సహేతుకంగా అనిపిస్తే యజమానికి నేరుగా గానీ భద్రతా కమిటీ సభ్యుడి ద్వారా గానీ చెప్పే హక్కు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు ఆ కోడ్ ఇచ్చింది. గనులకు ఆ ఇన్‌స్పెక్టర్ వ్యవస్థ గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం, మనకు దగ్గరలో నాగపూర్‌లో కార్యాలయం.

రాసేటప్పుడు కోపం తగ్గించి కొలతలు పెంచాలి. "డంపు ప్రమాదకరంగా ఉంది" అన్న కాగితానికి జవాబు "పరిశీలించడమైనది, ప్రమాదం లేదు". అదే "తూర్పు డంపు మూడో బెంచీ, పైఅంచుకు 3 మీటర్ల లోపల, 20 మీటర్ల పగులు, రెండు రోజుల్లో 11 మిల్లీమీటర్లు పెరిగింది, కింద రోడ్డు మీద షిఫ్టుకు ఇన్ని టిప్పర్లు తిరుగుతున్నాయి" అని ఉంటే, దాని కింద సంతకం పెట్టి "ప్రమాదం లేదు" అనడానికి ఏ అధికారి చెయ్యి అయినా ఆగుతుంది. తెలుగులో రాసినా చెల్లుతుందా అన్న మీమాంస పెట్టుకోకుండా, రాయడం వచ్చిన ఇంకో కార్మికుడితో హిందీలోనో మరాఠీలోనో రాయించి, రెండు కాపీలు తీసి, రెండో కాపీ మీద ఆఫీసు రిసీవ్డ్ ముద్ర, తేదీ, టైము వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. ముద్ర వేయనంటే అదే కాగితం రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దానికి గుచ్చాలి.